మీ యూరి సంగతులేమి? అని యడుగువారికి

(మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యనిర్వాహకులు నన్ను కులగౌరవమును గూర్చి మాటలాడుమని కోరిరి. ఆ విషయమున నాకంటె గంభీరముగా నుపన్యసింపగలవారు ఈ వేదికపైననే పలువురు కలరు గాన, వారి యనుమతితో చిన్న విషయమొకటి నే నెన్నుకొంటిని. మనము ఇల్లు కదలి నాలుగామడలు పోగానే “మీ దే యూరు?” అని యడుగుదురు. చెప్పుదుము. వెంటనే “ఆహా! ఆ యూరా! అక్కడ ఫలానా సంగతి నిజమేనా?” అని రెండవ ప్రశ్న వచ్చును. ఆ రెండవ ప్రశ్నకు మనవారు చెప్పుచున్న యుత్తరములే నేటి నా ప్రసంగమునకు విషయము.

నాది మంగళగిరి. విజయవాడకును గుంటూరునకును నడుమ, పెద్దబాట ప్రక్కన, పండుకొన్న యేనుగువంటి కొండక్రింద నున్న యూరు. దేవుని కొఱకు వచ్చువారు, చీరల కొఱకు వచ్చువారు, ఇటీవల కచ్చేరీల కొఱకును ఆసుపత్రి కొఱకును వచ్చువారు, అందఱును మమ్ముల నేదో యొకటి యడుగుచునే యుందురు. కావున ఈ విషయమున మాకు గల యభ్యాసము మఱి యే యూరివారికిని తీసిపోదు.

అడుగువారిలో మూడు తెగలు కలవు. తర్కశాస్త్రమున చర్చ మూడు విధములని చెప్పిరి: వాదము, జల్పము, వితండము. తెలిసికొనగోరి యడుగువాడు వాదమునకు వచ్చినవాడు. తాను గెలువవలెనని యడుగువాడు జల్పమునకు వచ్చినవాడు. తనకొక పక్షమే లేక, ఎదుటివాని మాటను త్రోసివేయుటయే పనిగా నడుగువాడు వైతండికుడు. ఈ మూడవవానికి నేను మంచినీళ్లిచ్చి పంపివేయుదును గాని యుత్తరము చెప్పను. అయితే వానికి భయపడి మొదటివానిని గూడ విసరికొట్టువారిని మన వీధులలో చూచితిని. అది తగదు. వచ్చినవారిలో చాలమంది మొదటి తెగవారే.

ఇక నుత్తరముల మాట. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణముల నంగీకరించిరి. పౌరాణికులు ఐతిహ్యమును గూడ చేర్చిరి. ‘ఈ మఱ్ఱిచెట్టుపై యక్షు డున్నాడట’ యనునది ఐతిహ్యమునకు పూర్వులిచ్చిన దృష్టాంతము. ఎవరు చూచిరో తెలియదు, ఎవరు మొదట చెప్పిరో తెలియదు, పరంపరగా వచ్చుచున్నది. మన తెలుగున ఈ భేదమును తెలుపుటకు రెండక్షరముల మాట యొకటి కలదు: ‘అట’. కన్నదానికి ‘ఉన్నది’, విన్నదానికి ‘ఉన్నదట’. అవ్వలు మనుమలకు కథ చెప్పునపుడు ఈ ‘అట’ను మఱవరు. చదువుకొన్న మనమే మఱచుచున్నాము.

మాకు మొదటి ప్రశ్న యెప్పుడును పానకమే. “మీ దేవుడు పానకము నిజముగా త్రాగునా? సగము త్రాగి సగము మిగుల్చునా?” అని యడుగుదురు. నేను కన్నది మొదట చెప్పుదును. కొండ నడుమ గుహవంటి గర్భాలయము. అందు నిలువెత్తు విగ్రహము లేదు. లోహపు ముఖము తొడిగిన తెఱచిన నోరు మాత్రము కలదు. బెల్లము కలిపిన నీటిని అర్చకుడు ఆ నోట పోయును. గుటగుటమను శబ్దము వినవచ్చును. కొంతసేపటి కా శబ్ద మాగును. అర్చకుడు పోయుట చాలించి మిగిలినది ప్రసాదముగా నిచ్చును. మధ్యాహ్నము దాటిన తరువాత ఆలయమును మూసివేయుదురు. రాత్రి దేవతలు వచ్చి యర్చింతురట. ఇందు చివరిమాట తప్ప తక్కినదంతయు ఎవరైనను పోయి చూడదగినది.

తరువాత, విన్నది చెప్పుదును. నముచి యను రాక్షసుని చక్రముతో సంహరించిన పిమ్మట స్వామి యుగ్రత చల్లారుటకు కృతయుగమున అమృతమును, త్రేతాయుగమున నేతిని, ద్వాపరమున పాలను, కలియుగమున పానకమును స్వీకరించుచున్నాడట. బిందెడు తెచ్చినను చెంబెడు తెచ్చినను సగమే పుచ్చుకొనునట. హ్రస్వశృంగి యను రాజకుమారుడు తన రూపమును చక్కజేయుమని వేడి వేడి, తుదకు ఏనుగురూపము దాల్చి స్వామికి కొండయై నిలిచెనట. ఇది స్థలపురాణము. దీనిని ‘అట’ యని చెప్పినందున స్వామికి వచ్చిన లోటేమియు లేదు. కన్నులతో కన్నానని బొంకినచో మాత్రము, విన్నవాడు మన యబద్ధమును స్వామి ఖాతాలో వ్రాసికొని పోవును.

పానకమంత చిందుచున్నను అచ్చట చీమ గాని ఈగ గాని యుండదందురు. దీనిని గూర్చి నన్నడిగినవారికి “నేను పోయినప్పుడు నా కంటబడలేదు” అని చెప్పుదును. ‘నా కంటబడలేదు’ అనుటకును ‘లేవు’ అనుటకును గల భేదమును పెద్దలు గమనింతురు గాక.

చదువుకొన్న యతిథులు మఱియొక మాట తెత్తురు. ఈ కొండ పూర్వ మగ్నిపర్వతమనియు, లోపలి గంధకమును బెల్లపునీరు చల్లార్చుచున్నదనియు చెప్పి, తాము హేతువాదులమని సంతోషింతురు. చిత్రమేమనగా ఇదియు ‘అట’యే! కోటు తొడిగికొని వచ్చిన ఐతిహ్యము. తూర్పుకనుమల శిలలు భూగర్భమున మిక్కుటమగు వేడిచేతను ఒత్తిడిచేతను రూపుమాఱినవి. నూఱుకోట్ల సంవత్సరములకు పైబడిన వయస్సు గలవి. అగ్నిపర్వతపు ద్రవము పొరలు పొరలుగా గట్టిపడిన నేలను చూడగోరువారు మహారాష్ట్రమునకు పోవలెను గాని మంగళగిరికి కాదు. పురాణమును ‘అట’ యన్న నోటితోనే దీనిని గూడ ‘అట’ యనవలెను. ఒకదానికి వెక్కిరింత, మఱియొకదానికి గౌరవమా?

గోపురమును గూర్చి యడుగువారికి ఉత్తరము సులభము. దిగువ లక్ష్మీనరసింహస్వామి యాలయమునకు తూర్పుననున్న ఆ పదునొకండంతస్తుల గోపురమును రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807-09 సంవత్సరములలో కట్టించెను. ఎత్తు 153 అడుగులు. “గాలికి కదలునా? అందుచేతనే గాలిగోపురమా?” అని బాలు రడుగుదురు. కాదు. దేవళపు వాకిటిపై గోపురమునకు తెలుగున అది సామాన్యనామము. తిరుమల కాలిబాటయందును గాలిగోపుర మున్నది. కట్టినప్పు డొకప్రక్కకు ఒరిగెననియు, ఎదుట కోనేరు త్రవ్వింపగా నిటారుగా నిలిచెననియు చెప్పు కథకు మరల ‘అట’ చేర్పవలెను. దేవళమునందలి శాసనముల మాట వేఱు. శ్రీకృష్ణదేవరాయలు 1515 లో కొండవీటిని గెలిచిన వృత్తాంతమును తెలుపు శాసనము మా యూర కలదు. రాతిపై చెక్కినదానికి ‘అట’ యక్కరలేదు. చదువగల కన్నులు కావలెను.

ఫాల్గునపూర్ణిమనాటి రథోత్సవమును గూర్చి వేఱే చెప్పనక్కరలేదు. చతుర్దశినాడు కల్యాణము, మఱునాడు రథము. వచ్చి చూడవలసినదే.

“మీ దిప్పుడు రాజధానియేనా?” అనునది కొన్నియేండ్లనుండి క్రొత్తగా వచ్చిన ప్రశ్న. ఇందు తికమక యెక్కువ. అమరావతి యను ప్రాచీనక్షేత్రము, స్తూపమున్న యూరు, కృష్ణయొడ్డున మాకు పడమటగా దూరమున నున్నది. మా గోపురము కట్టించిన వేంకటాద్రినాయుడే చింతపల్లి విడిచి యచ్చటికి రాజధానిని మార్చెను. 2015 అక్టోబరు 22 న శంకుస్థాపన జరిగిన నూతన రాజధాని యీ రెంటికిని నడుమనున్న గ్రామములలోనిది. ఆ గ్రామములు మాకు పొరుగు. 2021 లో మంగళగిరియు తాడేపల్లియు కలిసి యొక నగరపాలకసంస్థ యయ్యెను. 2018 లో పాఠములు ప్రారంభించిన అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ మా కొండ చేరువనే యున్నది. ఇదంతయు చెప్పుటకు రెండు నిమిషములు పట్టును. మన యువకులకు ఆ యోపికయు లేదు. “రాజధాని దగ్గఱ” అనియో, “విజయవాడ ప్రక్కన” అనియో తేల్చివేయుదురు. తన యూరికి పొరుగూరి పేరు చెప్పుకొనువాడు, తండ్రిపేరడిగిన మేనమామ పేరు చెప్పిన బాలునివంటివాడు.

ఇప్పుడు చీర యొద్దకు వచ్చెదను. నేను లేచి నిలుచున్నది దీని కొఱకే.

“మంగళగిరి చీర యననేమి? తక్కిన నూలుచీరలకును దీనికిని భేదమేమి?” అని యడుగుదురు. మనకు తెలియనిదా! చిలపనూలును నానబెట్టి, ఉడికించి, అద్దకము వేసి ఆరబెట్టుట మొదలు, పడుగు పోసి, సాగదీసి గంజి పెట్టి, కుంచెతో దువ్వి, అచ్చునకు పోగుపోగున అతికి, గుంటమగ్గమున కెక్కించువఱకు ఎన్నిచేతులు పనిచేయునో మన కెఱుకయే. కండెలు చుట్టు ముదుసలి చేతులు, రాట్నము త్రిప్పు ఇల్లాలి చేతులు లెక్కలోనికి రావు. నాడె యాడించువాని పేరే వినబడును. ఒడలు సాదాగా నుండి, బుటాలు లేక, అంచున సరిగతో చిన్నచిన్న గోపురములవలె కోణములు తీర్చినది నిజాము అంచు. పైటచెఱగున చారలు. ఎన్నిసారులుతికినను చెడని గట్టినేత. ఇదియే మా చీర. దీనికి 1999 నాటి చట్టము ననుసరించి భౌగోళిక సూచిక లభించినది. అనగా, ఆ పేరు ఆ చోటి నేతకే చెందునని ప్రభుత్వము వ్రాసి యిచ్చినది.

ఆ వెనుక రెండవ ప్రశ్న వచ్చును: “ఇది చేమగ్గముదేనా?”

సభాసదులారా! ఈ ప్రశ్న యడుగుటకు పరాయివానికి సంపూర్ణమగు హక్కు కలదు. ఆతడు సొమ్మిచ్చుచున్నాడు. ఒకమా రొక పట్టణమున ప్రదర్శనశాలలో మనవాడొకడు పెట్టిన యంగడియొద్ద నేను కూర్చుండియుంటిని. అంగడి పేరును ఊరి పేరును చెప్పను. పొరుగురాష్ట్రపు ఇల్లాలొకతె వచ్చి, చీరను తెఱచి, ఇదే ప్రశ్న యడిగెను. కుఱ్ఱవాడు తల యెత్తకయే “చేమగ్గమే నమ్మా, మంగళగిరి” యనెను. ఆమె మాటలాడలేదు. చీర యొడ్డును వ్రేళ్లతో తడవి చూచెను. చేమగ్గముపై గుడ్డ ముడుతపడకుండ అడ్డముగా బిగించు కఱ్ఱకు సూదిమొనలుండును గదా. వాని గుర్తులు ఒడ్డున సన్నని చుక్కలుగా నిలుచును. అవి లేవు. ఆ మూలనుండి ఈ మూలవఱకు గీత గీసినట్లు ఒకే ఒత్తుగా నున్న నేత. అది మరమగ్గపు గుడ్డ. ఆమె మడత పెట్టి, “మీరైనను నిజము చెప్పుదురనుకొంటిని” అని పోయెను. ఆ ‘మీరైనను’ అను మాటలో మన కులమంతయు నున్నది. ఆమె అంగడివానిని నిందింపలేదు, మనలను నిందించినది.

నే నా కుఱ్ఱవానిని ప్రక్కకు బిలిచి యడిగితిని. “మాస్టరుగారూ! నిజము చెప్పిన అమ్ముడుపోదు. చేమగ్గపు చీర వెల చెప్పగానే వెనుకకు తిరిగిపోవుదురు. రెండును ప్రక్కప్రక్కన పెట్టిన నా యంగడి నడువదు. మీకు పింఛను వచ్చును, నాకు రాదు” అనెను. ఆతని మాటలో సత్యము లేకపోలేదు. నేనును తేలికగా త్రోసివేయజాలను. మరమగ్గము పాపము కాదు. షోలాపురమునను భివండిలోను సూరతులోను మనవారే వేలకొలది మరమగ్గములపై పనిచేసి పిల్లలను పెంచికొనుచున్నారు. వారిలో ననేకు లీ సభకు వచ్చియున్నారు. వారికి నా నమస్కారము. మరమగ్గపు గుడ్డను మరమగ్గపు గుడ్డ యని యమ్మిన నెవరికిని నష్టములేదు. దానిపై మంగళగిరి పేరు వ్రాసి చేమగ్గమని చెప్పిననాడు, గుంటలో కాళ్లుంచి రోజంతయు నేసిన మన యన్నదమ్ముని కూలిని అంగడిలోనే దొంగిలించినట్లగును. ఆతని చీర వెల యెక్కువని తిరిగిపోయినవారందఱును, తక్కువ వెలకు అదే పేరు దొరకుటచేతనే తిరిగిపోయిరి. దొంగ బయటివాడైన దావా వేయవచ్చును. ఇంటివాడైన నేమి చేయవలెను?

1985 లో పార్లమెంటు కొన్నిరకముల వస్త్రములను చేమగ్గములకే కేటాయించుచు చట్టము చేసినది. 2006 లో చేమగ్గపు ముద్ర యేర్పడినది. 1905 ఆగస్టు 7 న కలకత్తాలో జరిగిన స్వదేశీసభను స్మరించి, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. చట్టము, ముద్ర, పండుగ, మూడును గలవు. అయినను అంగడి బల్లకు ఇటువైపున నిలుచున్న మనవాని నోటిమాటను ఈ మూటిలో నేదియు కాపాడలేదు. పానకపు విషయమున ‘అట’ యనవచ్చును. గోపురము ఒరిగినదట, నిలిచినదట. కాని చీర విషయమున ‘చేమగ్గముదట’ యని చెప్పు నేతకులస్థు డుండరాదు. మనము కన్నదే యమ్ముచున్నాము గదా! తెలియనిచో “ఇది నాకు మఱియొకరు తెచ్చియిచ్చినది, నేను నేయించినది కాదు” అని చెప్పవలెను.

కనుక అంగళ్లవారికి నా మనవి యొకటి. రెండురకములను అమ్ముడు. వేఱువేఱు బల్లలపై నుంచుడు. చేమగ్గపు చీరకు నేసినవాని పేరును, వీధిని వ్రాసిన చిన్న చీటి కట్టుడు. మా యూరి నేతపెద్ద యొకడు ఇట్లు చీటి కట్టి యిచ్చుచున్నాడు. కొన్నవారు చీటిని పాఱవేయక దాచుకొనుచున్నారనియు, మరల వచ్చినప్పుడు ఆ పేరుగలవానినే యడుగుచున్నారనియు నాతో చెప్పెను. అంగడి నడుచునా నడువదా యను ప్రశ్నకు నా యొద్ద నింతకంటె పెద్ద యుత్తరము లేదు.

“మీ రేమివారు?” అనునది కొందఱడుగు మఱియొక ప్రశ్న. ఇది యడుగువారి మనసులో తూకపుఱాళ్లుండును. మార్కండేయవంశమున భావనాఋషి తామరతూళ్ల దారముతో దేవతలకు వస్త్రము నేసెనని మన పెద్దలు చెప్పిరి. దానిని పొంగుచు చెప్పవలసిన పనియు లేదు, సిగ్గుపడి మ్రింగవలసిన పనియు లేదు. నేతవారమని చెప్పుడు. అడిగినవాని యొంటిమీది చొక్కా వైపు చూడుడు. చాలును.

షోలాపురపు సోదరుల మాట యెత్తితిని గాన ఇంకొక సంగతి. వారిలో నొక వృద్ధుడు నిన్న భోజనముల వేళ నాతో నిట్లనెను: “అయ్యా, మా తాతగారు కరీంనగరము ప్రాంతమునుండి వచ్చిరి. మా పిల్లలను బడిలో మీ దే యూరని యడిగిన షోలాపురమందురు. షోలాపురమువారు మీరు తెలుగువారు గదా, అసలు మీ దే యూరందురు. ఆ రెండవదానికి పిల్లలకు మాట రాదు.” ఊరి పేరు తెలిసిన ఆతని తరము కొన్నియేండ్లలో గతించును. మాకు ప్రశ్న లెక్కువై బాధ. వారికి ఉత్తరము లేక బాధ. ఆయన కన్నులు చెమ్మగిల్లుట చూచిన తరువాతనే నేను నా యుపన్యాసపు విషయమును మార్చుకొంటిని.

అందుచేత సభవారి యెదుట నొక చిన్న కార్యమును పెట్టుచున్నాను. ధనము నడుగుట లేదు; దాతలు నిశ్చింతగా నుండవచ్చును. ప్రతియూరి ప్రతినిధియు తమ యూరిని గూర్చి నాలుగు పుటలు వ్రాసి వచ్చు సంవత్సరపు సభకు తేవలెను. పరాయివారు సామాన్యముగా నడుగు ప్రశ్నలు, వానికి ఉత్తరములు. కన్నది యొకప్రక్క, విన్నది యొకప్రక్క, నడుమ గీత. మూడవదిగా మీ యూరి మగ్గపు మాటలు: ఏ పనిముట్టు నేమందురు, ఏ పని నేమందురు. చీరాలవారి మాట పోచంపల్లివారికి తెలియదు, పోచంపల్లివారిది వేంకటగిరివారికి తెలియదు. నాలుగవదిగా, మీ యూరినుండి నూలుమూట నెత్తినబెట్టుకొని దూరదేశములకు పోయిన కుటుంబముల యింటిపేర్లు, పోయిన చోటు. షోలాపురపు పిల్లవానికి తన యింటిపేరు ఆ పుటలో కనబడినచో, వాని తాతయూరు వానికి దొరకును.

మంగళగిరి పుటలను నేను వ్రాసి తెచ్చితిని. కండెలు చుట్టువారి మాటలు అందు తక్కువగా నున్నవి. మా యూరి స్త్రీలు నలుగురైదుగు రిచ్చటికి వచ్చియున్నారు గాన, వారు చూచి చేర్పవలెనని ప్రార్థించుచున్నాను. ప్రతి వాకిటియొద్ద బల్లపై నున్నది. ప్రక్కనే తెల్లకాగితములును కలమును గూడ నుంచితిని. షోలాపురము, భివండి, సూరతు సోదరులు తమ యింటిపేర్లను సాయంకాలమునకు ముందే వ్రాసి పోవలెను, రాత్రి బండికి చాలమంది వెడలుచున్నారట.